బత్తాయి తోటల నెలవారీ సర్వీసు: మెచ్చాల్సింది కైకిలి లెక్కను

నల్గొండ చుట్టుపక్కల బత్తాయి తోటల్ని నెల లెక్కన చూసిపెట్టే సర్వీసు ఇది. మందు కొట్టడం, డ్రిప్పు, కలుపు మూడూ వాళ్లవే.

మామూలుగా మందు పని ట్యాంకుకు ఇంతని గుత్తకు పోతుంది. ఎన్ని ట్యాంకులైతే అన్ని పైసలు, అందుకే ఆకు తడిసి నేలమీద కారేదాకా కొడతారు. ఇక్కడ కైకిలి, అంటే రోజు కూలి. ముందు భూతద్దంతో కాయల మీద మంగు నల్లి (తొక్కను గోధుమరంగుకు మార్చే కంటికానని పురుగు) ఉందో లేదో చూడాలి. లేకపోతే ఆ రోజు మందు లేదు, కూలి మాత్రం పోదు; పాదుల్లో గడ్డి కప్పే పనికి మళ్లిస్తారు. పంపు భుజానికెత్తకపోయినా ఎవరికీ నష్టం లేదు కాబట్టి ఉత్తపుణ్యానికి కొట్టే మందు తగ్గింది.

కొలత మూతలతో కాదు. నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు, 16 లీటర్ల పంపుకు 48. ఆ తూకానికి పొట్లాలు ముందురోజే కడతారు. గంధకం మండుటెండలో కొడితే ఆకు మాడుతుంది కనుక పొద్దెక్కకముందే ఆపేస్తారు. రబ్బరు తొడుగులు చేతికి ఉండేదీ ఆ చల్లపూటే!

ఖాళీ మందు డబ్బా అప్పజెప్పితేనే కొత్తది. పావువంతు నీళ్లు పోసి మూడుసార్లు గిలకొట్టి, ఆ నీళ్లు పంపులోనే పోసి, డబ్బాకు బొక్క పెట్టాలి. నీళ్లు దూరమైతే ఇదంతా ఎవరూ చేయరు. అందుకే మందు కలిపే చోటే 20 లీటర్ల క్యాను పెట్టారు.

పెద్ద తప్పు డ్రిప్పు దగ్గర. ఫిల్టరుకు అటూ ఇటూ గేజీల్లో నీటి ఒత్తిడి తేడా అరకిలో దాటితే లోపలి జల్లెడ కడుగుతున్నారు, పదిహేను రోజులకోసారి లేటరళ్ల (చెట్ల వరుసల వెంట పోయే సన్న పైపుల) చివర్లు విప్పి మట్టి వదులుతున్నారు. బాగుంది. కానీ పార తగిలి పైపు తెగితే కూలిలో కోత! ఆ భయానికి తెగినచోట మట్టి కప్పి పోతారు. లోపల నీళ్లు ఊరుతూనే ఉంటాయి, అదే వరుసలో చివరి చెట్లు వాడిపోతాయి. తెగిన పైపును కలిపే జాయినరు ఖరీదెంతని? మనిషికి రెండు ఇచ్చి, వచ్చి చెప్పినవాళ్లను ఏమీ అనకుంటే పోయేది.

శిక్షణ మగవాళ్లకే. నీళ్లు అందించేది, డబ్బాలు ఏరేది, కొట్టిన చెట్ల కింద కలుపు తీసేది ఆడవాళ్లు. డబ్బా మీది ఎర్ర త్రికోణం అతి విషమని చెప్పే గుర్తు; అది దేనికో వాళ్లకు చెప్పలేదు.

ఈ సర్వీసు పెట్టుకునేవాళ్లు కూలి కోత నిబంధన తీసేయమని కాగితం రాసుకునేముందే మాట్లాడుకోండి.