అన్నీ ఉన్నాయి, రీప్లేస్ తప్ప: మా సీఎంఎం సాఫ్ట్‌వేర్ మీద నా సమీక్ష

సీఎంఎం అంటే ప్రోబ్ అనే సూదిలాంటి దాంతో పార్టుని తాకి కొలతలు తీసే మెషిన్. ప్రోబ్ కాలిబ్రేషన్, అలైన్‌మెంట్ గురించి రాయను, అవి డెమోలోనే చూపిస్తారు. నా కడుపుమంట ఒక్కదాని మీదే. ప్రోగ్రాం మొదట్లో ఆపరేటర్‌ని జాబ్ నంబర్ అడుగుతుంది కదా, అతను కొట్టినదాంట్లో అక్కర్లేని అక్షరం తీసి ఇంకోటి పెట్టడానికి ఈ సాఫ్ట్‌వేర్‌లో కమాండే లేదు. స్ట్రింగ్ (కొట్టిన అక్షరాల వరస) పొడవు చెప్తుంది, మధ్యలోంచి ముక్క తీసిస్తుంది, ఏ అక్షరం ఎక్కడుందో వెతుకుతుంది, రీప్లేస్ మాత్రం చెయ్యదు. ల్యాబ్‌వ్యూ అనే ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్‌లో దీనికి రెడీమేడ్ ఫంక్షన్ ఉంది, పైథాన్ భాషలో ఒక్క లైను. ఇంత డబ్బు పోసి కొన్నదానికి ఇదేం ఖర్మో.

మాది రేణిగుంట దగ్గర చిన్న మెషినింగ్ యూనిట్. జాబ్ కార్డు మీద నంబర్ 417/24-25 అని ఆర్థిక సంవత్సరంతో కలిపి ఉంటుంది, ఆపరేటర్ ఉన్నది ఉన్నట్టు కొడతాడు, రిపోర్ట్ ఫైల్ ఆ పేరుతోనే సేవ్ అవ్వాలి. విండోస్ ఫైల్ పేర్లలో 9 గుర్తులు పనికిరావు, స్లాష్, కోలన్, ప్రశ్న గుర్తు లాంటివి. స్లాష్ పడితే ముందున్నది ఫోల్డర్ అనుకుని, అలాంటి ఫోల్డర్ లేదని ఎర్రర్ ఇస్తుంది. అది నయం, అక్కడికక్కడే తెలుస్తుంది.

అసలు దొంగ కోలన్. నైట్ షిఫ్ట్ కుర్రాడు కేవిటీ నంబర్ (పార్టు అచ్చులో ఏ గుంటలోంచి వచ్చిందో చెప్పేది) కలిపి 417:3 అని కొట్టాడు. ఎర్రర్ లేదు, ప్రోగ్రాం చివరిదాకా నడిచింది. పొద్దున కస్టమర్‌కి రిపోర్ట్ పంపుదామని చూస్తే ఫోల్డర్‌లో 417 అనే ఫైల్, 0 కేబీ. పార్టులేమో ప్యాకింగ్ అయిపోయాయి, బయట ఎండ దంచుతోంది, 20 డిగ్రీల రూములో నాకు చెమటలు. "నేను కొలిచినాను అన్నా, రీడింగులు స్క్రీన్ మీద చూసినాను" అని వాడు మొత్తుకుంటున్నాడు. వాడు చెప్పింది నిజమే. ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ మామూలుగా ఫైళ్లు దాచుకునే పద్ధతి) డిస్క్‌లో పేరు మధ్య కోలన్ వస్తే, రాసిందంతా ఆ ఫైల్‌కి అంటుకున్న ఇంకో స్ట్రీమ్‌లోకి, అంటే దాని వెనక దాక్కున్న డేటాలోకి పోతుంది, ఎక్స్‌ప్లోరర్‌లో అది కనపడదు. కమాండ్ ప్రాంప్ట్‌లో డిఐఆర్ స్లాష్ ఆర్ (dir /r) అనే కమాండ్ కొడితే బయటపడింది. అదే ఫైల్‌ని ఇలాంటి స్ట్రీమ్‌లు దాచుకోలేని ఫ్యాట్32 పద్ధతి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇక్కడ డిలీట్ చేసుంటే రీడింగులు పోయినట్టే.

అప్పట్నుంచి అన్ని ప్రోగ్రాంలలో ఒకే సబ్‌రొటీన్, అంటే ఎక్కడ కావాలంటే అక్కడ పిలిచి వాడుకునే చిన్న ప్రోగ్రాం ముక్క. వైల్ లూప్‌లో (అక్షరాలు అయిపోయేదాకా అదే పని మళ్లీ మళ్లీ చేసేది) ఒక్కో అక్షరం తీసి, అంకె గానీ ఇంగ్లిష్ అక్షరం గానీ అయితే అలాగే ఉంచి, కాకపోతే హైఫన్ పెట్టి, కొత్త స్ట్రింగ్‌కి అతికిస్తూ పోవడమే. వద్దనే గుర్తుల లిస్టు కంటే కావాల్సినవాటి లిస్టు మేలు, బార్‌కోడ్ స్కానర్ చివర్లో తగిలించే ట్యాబ్ కూడా దీనికి చిక్కుతుంది. లూప్ వల్ల టైమ్ పోతుందన్న భయం అక్కర్లేదు, ప్రోబ్ ఇంకా కదలకముందే అయిపోతుంది. బంగారంలా పనిచేస్తోంది.

బంగారమే గానీ, 417/3, 417:3 రెండూ 417-3 అయిపోయి రెండోది మొదటిదాన్ని తుడిచేస్తుంది. అందుకని పేరు చివర టైమ్ కలపాలి, ఆ టైమ్‌లోనూ కోలన్లు ఉంటాయి కాబట్టి దాన్నీ ఇదే లూప్‌లో తిప్పాలి. కనెక్టింగ్ రాడ్‌కి షార్ట్‌గా సీఓఎన్ (CON) అని మాత్రమే కొట్టేవాళ్లకీ ఆ టైమే దిక్కు, విండోస్ ఆ పేరు తనకోసం ఉంచేసుకుంది, ఫైల్‌కి పెట్టనివ్వదు.

నంబర్లన్నీ ఈఆర్‌పీ (కంపెనీ పనులన్నీ ఒకచోట నడిపే సాఫ్ట్‌వేర్) నుంచి శుభ్రంగా వచ్చే పెద్ద ప్లాంట్లకి ఈ గోలంతా ఉండకపోవచ్చు. మాకు ఒక్క మెషిన్, చేత్తో టైపింగ్, షిఫ్టుకో ఆపరేటర్. కొలతల విషయంలో దీనికి వంక పెట్టలేను, రెండో మెషిన్ కొన్నా బహుశా ఇదే తీసుకుంటాం, ప్రోగ్రాంలన్నీ దీంట్లోనే ఉన్నాయి మరి.