ఐదేళ్లు వాడిన రీఫర్బిష్డ్ బిజినెస్ ల్యాప్‌టాప్: విప్పి చూసుకోగలగడమే దీని అసలు బలం

పద్నాలుగు అంగుళాల తెర, ఎనిమిదో తరం ఇంటెల్ ఐ5 ప్రాసెసర్, ర్యామ్ (పని నడుస్తున్నంతసేపు వాడే మెమరీ) పెట్టే రెండు స్లాట్లు, ఫైళ్లు దాచే ఒక ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ. పెద్ద ఆఫీసులు లీజు తీరాక వదిలేసే బిజినెస్ సిరీస్ మెషీన్లలో ఇదొకటి. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో రీఫర్బిష్డ్‌గా, అంటే వాడినదాన్ని బాగుచేసి అమ్మేదిగా కొన్నాను. కంపెనీ పేరు రాయడం లేదు, ఈ తరగతి ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి నేను చెప్పేది వర్తిస్తుంది. కొత్తగూడెంలో చిన్న దుకాణాల లెక్కలు, జీఎస్‌టీ రిటర్నులు చూడటం నా పని. పొద్దున్నుంచి రాత్రి దాకా ట్యాలీ, ఎక్సెల్ తెరిచే ఉంటాయి. ఇది చాలాసార్లే మొరాయించింది. అయినా మళ్లీ కొనాల్సి వస్తే ఇలాంటిదే కొంటాను. కారణం ఒక్కటే: ప్రతిసారీ జబ్బు ఎక్కడుందో ఇంట్లోనే తేల్చుకోగలిగాను.

అన్నిటికంటే టెన్షన్ పెట్టింది నో డిస్‌ప్లే. అదీ రిటర్నుల గడువు దగ్గరపడ్డాక. పవర్ లైటు వెలుగుతుంది, ఫ్యాన్ తిరుగుతుంది, తెర మాత్రం నల్లగానే ఉంటుంది. ముందు టార్చి వేసి తెర మీద ఏటవాలుగా చూశాను. బొమ్మ మసగ్గా కనిపిస్తే బ్యాక్‌లైట్ పోయినట్టు. ఏమీ కనిపించలేదు. హెచ్‌డీఎంఐతో టీవీకి కలిపినా రాలేదు కాబట్టి తెర మీద అనుమానం తగ్గింది. చార్జర్ తీసి, కింది కవర్ విప్పి, బ్యాటరీ కనెక్టర్ ఊడదీసి, పవర్ బటన్‌ను అర నిమిషం నొక్కి పట్టుకున్నాను. అప్పటికీ మార్పు లేదు. ర్యామ్ రెండూ తీసేసి, ఒక్కోదాన్నే ఒకే స్లాట్‌లో పెట్టి చూస్తే ఒకదానితో ఆన్ అయింది, రెండోదానితో కాలేదు. స్లాట్ బాగుంది, ర్యామ్‌లోనే తేడా అని అక్కడ తేలింది.

ఆ ర్యామ్ బంగారు పళ్లను ఐసోప్రొపిల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక పెడితే దానితోనూ ఆన్ అయింది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. దయచేసి ఆగకండి. మెమ్‌టెస్ట్86 ప్లస్ అనే ఉచిత ప్రోగ్రామ్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి, దాంతో బూట్ చేసి రాత్రంతా వదిలేశాను. తెల్లారి చూస్తే ఎర్ర గీతలు. అంతకుముందు కొన్ని ఎక్సెల్ ఫైళ్లు తెరుచుకోకుండా పాడవడానికి కారణం అప్పుడు అర్థమైంది. ఆన్ అయినంత మాత్రాన ర్యామ్ బాగున్నట్టు కాదు. అది పక్కన పడేసి కొత్తది వేశాను. మదర్‌బోర్డుకే అతికించిన ర్యామ్ అయితే ఇదే జబ్బుకు బోర్డు పనే చేయించాల్సి వచ్చేది.

మా ఊరి ఎండా, బొగ్గు దుమ్మూ రెండూ దీనికి శత్రువులే. మే నెల మధ్యాహ్నాల్లో ట్యాలీ కూడా నత్తనడక నడిచింది. లోపలి వేడిని చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రామ్ పెట్టి చూస్తే ప్రాసెసర్ వంద డిగ్రీలకు చేరువలో ఉంది, థర్మల్ థ్రాట్లింగ్ అన్న వరుసలో ‘ఎస్’ అని చూపిస్తోంది. అంటే వేడి తట్టుకోలేక తన వేగాన్ని తానే తగ్గించుకుంటోంది. బయటి నుంచి గాలి కొడితే పోయే దుమ్ము కాదది. ఫ్యాన్‌కూ, ప్రాసెసర్ వేడిని లాగే హీట్‌సింక్ రేకులకూ మధ్య పొరగా పేరుకుంటుంది, ఫ్యాన్ విప్పితేనే వస్తుంది. హీట్‌సింక్ స్క్రూల పక్కన అంకెలు ఉంటాయి, ఆ వరుసలోనే బిగించాలి. ప్రాసెసర్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య ఉండే పాత థర్మల్ పేస్టు పూర్తిగా తుడిచి, బియ్యపు గింజంత కొత్త పేస్టు వేశాను. వేడి పది, పదిహేను డిగ్రీలు తగ్గింది. ఇప్పుడు ఏటా ఎండాకాలానికి ముందే ఈ పని పెట్టుకుంటాను.

చార్జింగ్ సమస్య తమాషాగా వచ్చింది. చార్జర్ పెడితే మెషీన్ నడుస్తుంది, బ్యాటరీ మాత్రం ఎక్కదు, పైగా అన్నీ నెమ్మది. మల్టీమీటర్‌తో కొలిస్తే 19.5 వోల్టులు సరిగ్గానే వస్తున్నాయి. ఈ రకం చార్జర్ మొనలో సన్నటి నడిమి పిన్ను ఉంటుంది, చార్జర్ ఎన్ని వాట్లదో ల్యాప్‌టాప్‌కు చెప్పేది అదే. ఆ సంకేతం అందకపోతే మెషీన్ చార్జింగ్ ఆపేస్తుంది. స్నేహితుడి చార్జర్‌తో చూస్తే బ్యాటరీ ఎక్కింది కాబట్టి జాక్ బాగున్నట్టే. నా చార్జర్ వైరులో ఆ సంకేతం మోసే తీగే మెడ దగ్గర లోపల తెగింది.

బ్యాటరీ విషయంలో మాత్రం ఎవరూ నిర్లక్ష్యం చేయకండి. టచ్‌ప్యాడ్ క్లిక్ గట్టిపడినా, బల్ల మీద ల్యాప్‌టాప్ సమంగా కూర్చోకపోయినా లోపల బ్యాటరీ ఉబ్బిందేమో వెంటనే చూడాలి. నాది అలాగే బయటపడింది. ఉబ్బినదాన్ని నొక్కకూడదు, గుచ్చకూడదు, చార్జ్ చేయకూడదు. ఇందులో నాలుగు స్క్రూలు, ఒక కనెక్టర్ తీస్తే బ్యాటరీ చేతికొచ్చింది. జిగురుతో అతికించిన మోడళ్లలో అయితే సొంతంగా పీకే సాహసం చేయొద్దు. పాతదాన్ని ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇచ్చాను.

లోపాలూ ఉన్నాయి. తెర వెలుతురు తక్కువ, కిటికీ పక్కన కూర్చుంటే కళ్లు లాగుతాయి. స్పీకర్లు పేరుకే. బరువు కూడా ఎక్కువే. కీబోర్డు మాత్రం ఇన్నేళ్ల టైపింగ్‌కూ చెక్కు చెదరలేదు. ఎనిమిదో తరం కాబట్టి విండోస్ 11 అధికారికంగానే ఎక్కింది, 2025 అక్టోబర్ 14న విండోస్ 10 మద్దతు ఆగినప్పుడు నాకు ఇబ్బంది కాలేదు. ఏడో తరం ప్రాసెసర్లలో దాదాపు వేటికీ విండోస్ 11 అధికారికంగా ఎక్కదు.

మదర్‌బోర్డులో షార్ట్ అయితే ఇంట్లో చేయగలిగేది లేదు, చిప్ లెవెల్ సర్వీస్ తెలిసినవాళ్ల దగ్గరికి వెళ్లాల్సిందే. అప్పుడు కూడా మీరు ఇంట్లో ఏవేవి పరీక్షించారో ఒక కాగితం మీద రాసి ఇవ్వండి.

కొనబోయేవాళ్లు ముందుగా ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్ కంపెనీ సైట్‌లో దొరుకుతుందో లేదో చూడండి. దొరక్కపోతే నేనైతే ఆ మోడల్ వదిలేస్తాను. షాపులోనే కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ బ్యాటరీ రిపోర్ట్ తీయించి, డిజైన్ కెపాసిటీకీ ఇప్పటి ఫుల్ చార్జ్ కెపాసిటీకీ తేడా చూడండి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రామ్‌లో ఎస్‌ఎస్‌డీ ఆరోగ్యం చూడండి. మూత మెల్లగా తెరిచి మూసి, రెండు హింజ్‌లూ (మూత కీళ్లు) గమనించి, ఎక్కడైనా కటకటమంటే ఇంకో పీస్ అడగండి.