హుద్‌హుద్‌ను డిసెంబరుకు నెట్టే ఫైళ్లకు మందు: ఆర్‌లో లూబ్రిడేట్

హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటింది 2014 అక్టోబరు 12న. వర్షపాతం ఫైల్లో ఆ రోజు 12-10-2014 అని ఉంటుంది. అమెరికా తేదీ సెట్టింగున్న కంప్యూటర్లో ఆ సీఎస్‌వీని (కామాలతో విడదీసిన టెక్స్ట్ ఫైలును) డబుల్ క్లిక్ చేసి ఎక్సెల్‌లో తెరిస్తే తుఫాను డిసెంబరు 10కి పోతుంది. మర్నాటి 13-10-2014 మాత్రం కదలదు. పదమూడో నెల లేదు కాబట్టి టెక్స్ట్‌గా మిగిలిపోతుంది. గడిలో కుడివైపు ఆనుకున్నవి తేదీలు, ఎడమవైపువి టెక్స్ట్. ఒకే కాలమ్‌లో రెండూ కనిపిస్తే జబ్బు ఇదే.

ఆర్ అనేది గణాంకాల ప్రోగ్రామింగ్ భాష, లూబ్రిడేట్ అందులో తేదీల పనికి వాడే ప్యాకేజీ. దాని గొప్పతనం, తేదీలో రోజు, నెల, సంవత్సరం ఏ క్రమంలో ఉన్నాయో మన చేత చెప్పించడం. డీఎంవై ఫంక్షన్ అంటే రోజు, నెల, సంవత్సరం. ఎండీవై అంటే నెల ముందు. మధ్యలో గీత, చుక్క, స్లాష్ కలగలిసి ఉన్నా చదువుతుంది. చదవలేని చోట ఎన్‌ఏ (విలువ లేదనే గుర్తు) పెట్టి, అలాంటివి ఎన్నో హెచ్చరికలో చెబుతుంది. ఆర్‌తోపాటే వచ్చే యాజ్ డేట్ (as.Date) ఫంక్షన్‌కు ఫార్మాట్ ఇవ్వకపోతే 12-10-2014ని 12వ సంవత్సరం అక్టోబరు 20గా చదివేసి నోరు మెదపదు.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ప్రాజెక్టు చేసేవారైనా, ఆసుపత్రి రికార్డులతో పనిచేసేవారైనా ఫైలును ఎక్సెల్‌లో తెరవకుండా నేరుగా ఆర్‌లోకి రీడ్ సీఎస్‌వీ ఫంక్షన్‌తో తెచ్చుకోండి. తేదీ కాలమ్‌ను క్యారెక్టర్‌గా, అంటే టెక్స్ట్‌గా ప్రకటించండి, ఆ తర్వాతే డీఎంవై. ఎన్‌ఏ వచ్చిన వరసల్లో అసలు ఏం రాసుందో చూడండి. రోజువారీ డేటా అయితే డిఫ్ ఫంక్షన్‌తో పక్కపక్క తేదీల తేడా తీయండి, అన్నీ 1 రావాలి. ఈ తనిఖీ మానకూడదు. ముందే తారుమారైన తేదీ కూడా చెల్లే తేదీయే కనుక లూబ్రిడేట్ దాన్ని పట్టుకోలేదు. ప్యాకేజీకి ఉన్న అసలు పరిమితి ఇదే. మూల ఫైలు దొరక్కపోతే, ఎక్సెల్ తేదీగా మార్చిన వరసల్లో రోజునూ నెలనూ అటూ ఇటూ మార్చి, టెక్స్ట్ వరసలకు మాత్రం డీఎంవై వాడాలి.

తేదీ బదులు 41924 లాంటి అంకె వస్తే అది ఎక్సెల్ రోజుల లెక్క. లూబ్రిడేట్‌లోని యాజ్ అండర్‌స్కోర్ డేట్‌కు (as_date) ఆరిజిన్‌గా, అంటే లెక్క మొదలయ్యే రోజుగా, 1899-12-30 ఇస్తే హుద్‌హుద్ రోజు తిరిగొస్తుంది. ఇవ్వకపోతే లెక్క 1970 నుంచి మొదలై 2084లో తేలుతుంది. పాత మ్యాక్ ఫైళ్లలో లెక్క 1904 నుంచి ఉండొచ్చు, అప్పుడు తేడా 1462 రోజులు.

స్టాటా అనే మరో గణాంక సాఫ్ట్‌వేర్ వాడేవారికి డేట్ ఫంక్షన్‌లో డీఎంవై అని రాయడమే ఇదే పని చేస్తుంది. హుద్‌హుద్ రోజు 20008 అని కనిపిస్తే కంగారొద్దు, అది 1960 జనవరి 1 నుంచి లెక్క. తేదీగా చూపించే టీడీ (%td) ఫార్మాట్ పెడితే సరి.

రెండంకెల సంవత్సరాలతో మాత్రం జాగ్రత్త. లూబ్రిడేట్ 68 వరకు 2000ల్లో, 69 నుంచి 1900ల్లో వేస్తుంది. 1962లో పుట్టిన రోగి 12-10-62 కాస్తా 2062కు చేరుతుంది. ఇవాళ్టి తేదీని దాటిన పుట్టినరోజులు వడగట్టి, వాటి నుంచి 100 ఏళ్లు తీసేయండి.