డీఎస్‌ఎల్‌ఆరా, జేబు కెమెరానా: మన ఊళ్లలో ఏది మేలు?

కెమెరా షాపులో అడుగుపెట్టగానే ఎవరైనా అడిగేవి రెండే: మెగాపిక్సెల్స్ ఎన్ని, జూమ్ ఎంత? రెండింటికీ జవాబు డబ్బా మీదే అచ్చేసి ఉంటుంది. లెన్స్ మార్చుకోగల పెద్ద కెమెరా డీఎస్‌ఎల్‌ఆర్‌కూ, జేబులో పట్టే కాంపాక్ట్‌కూ అసలు తేడా ఎక్కడుందో మాత్రం ఆ డబ్బా చెప్పదు. వెలుతురును ఫొటోగా మార్చే సెన్సార్ ఎంత పెద్దది, దాని ముందున్న లెన్స్ ఎంత తెరుచుకుంటుంది అన్న రెండు సంగతులే సగం లెక్క తేల్చేస్తాయి.

మెగాపిక్సెల్స్ సంగతి ఒక్క మాటలో ముగించొచ్చు. 12×18 అంగుళాల ప్రింటు 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల చొప్పున వేయాలంటే 5400×3600 పిక్సెళ్లు కావాలి, అంటే 19 మెగాపిక్సెళ్ల పైచిలుకు. పెళ్లి ఆల్బమ్‌లో 12×36 షీటుకు సగం అదే. ఇప్పుడు దొరికే డీఎస్‌ఎల్‌ఆర్‌లు చాలావరకు 24, మంచి కాంపాక్ట్‌లు 20. ఇద్దరూ పాసే. 35×45 మి.మీ. పాస్‌పోర్టు ఫొటోకైతే 413×531 పిక్సెళ్లు చాలు. దానికోసం కెమెరాలు పోల్చుకోనే అక్కర్లేదు.

సెన్సార్ దగ్గరకొద్దాం. మామూలు కాంపాక్ట్‌లో ఉండే ‘1/2.3’ సెన్సార్ కొలత 6.17×4.55 మి.మీ. కందిగింజ కూర్చునేంత చోటు, సుమారు 28 చదరపు మిల్లీమీటర్లు. నికాన్ డీ3500 లాంటి డీఎస్‌ఎల్‌ఆర్‌లో ఉండేది 23.5×15.6 మి.మీ., అంటే దానికి 13 రెట్లు. ఈ రెంటి మధ్య ‘ఒక అంగుళం’ సెన్సార్ అని ఒకటుంది: సోనీ ఆర్‌ఎక్స్100 వరుసలో, కెనన్ జీ7ఎక్స్ వరుసలో వచ్చేది. పేరుకే అంగుళం, కొలిస్తే 13.2×8.8 మి.మీ. కందిగింజకు నాలుగు రెట్లు, డీఎస్‌ఎల్‌ఆర్‌లో మూడో వంతు.

ఇక్కడితో ఆపితే డీఎస్‌ఎల్‌ఆరే గెలిచిందనిపిస్తుంది. కానీ పెట్టెలో బాడీతోపాటు వచ్చే 18-55 మి.మీ. ‘కిట్ లెన్స్’ ఎఫ్/3.5 నుంచి ఎఫ్/5.6 వరకే తెరుచుకుంటుంది. కెనన్ జీ7ఎక్స్ మార్క్ 2 లెన్స్ ఎఫ్/1.8 నుంచి ఎఫ్/2.8. సెన్సార్ల తేడా కలిపి రెండింటినీ ఫుల్‌ఫ్రేమ్ (36×24 మి.మీ. సెన్సార్) లెక్కలోకి మారిస్తే, కాంపాక్ట్ 4.9 నుంచి 7.6 వరకు, కిట్ లెన్స్ పెట్టిన నికాన్ 5.3 నుంచి 8.4 వరకు వస్తాయి. అంకె ఎంత చిన్నదైతే అంత వెలుతురు పట్టినట్టు. అంటే అంత పెద్ద సెన్సారూ మోసుకెళ్లి, చీకట్లో ఆ జేబు కెమెరాతో సమానంగానో, వెంట్రుకవాసి వెనకో ఉంటాం. డీఎస్‌ఎల్‌ఆర్ కొని, 18-55 ఒక్కటే తగిలించి, ఆటో మోడ్‌లో పెట్టి తీసేవాళ్లు ఈ లెక్క తప్పకుండా చూసుకోవాలి. వాళ్లకు కాంపాక్టే మేలు.

డీఎస్‌ఎల్‌ఆర్ కొన్న డబ్బుకు న్యాయం జరిగేది లెన్స్ మార్చినప్పుడు. రాత్రి ముహూర్తం పెళ్లి తీసుకోండి. తలంబ్రాల వేళ చేతులు కదులుతుంటాయి కాబట్టి షట్టర్ వేగాన్ని 1/125 సెకను కంటే కిందికి దించలేం. కిట్ లెన్స్‌ను 55 దగ్గర పెడితే ఎఫ్/5.6; వెలుతురు చాలనప్పుడు ఫొటోను ప్రకాశవంతం చేసే ఐఎస్ఓను 6400 దాకా పెంచాల్సి వచ్చిందనుకుందాం. పెళ్లికూతురి బుగ్గ మీద ఇసుక చల్లినట్టుంటుంది. అక్కడే 50 మి.మీ. ఎఫ్/1.8 లెన్స్ పెడితే దాదాపు పది రెట్ల వెలుతురు లోపలికొస్తుంది; అదే ఫొటో ఐఎస్ఓ 640లో అయిపోతుంది. బుగ్గ బుగ్గలా, జరీ జరీలా కనిపిస్తుంది. ఇది మామూలు జేబు కెమెరా వల్ల కాదు.

ఆ లెన్స్‌కీ ఒక చిక్కుంది. రెండు మీటర్ల దూరం నుంచి ఎఫ్/1.8లో తీస్తే స్పష్టంగా ఉండే మందం సుమారు 11 సెంటీమీటర్లే. పెళ్లికూతురి కన్ను మీద ఫోకస్ పెడితే జానెడు వెనకున్న పెళ్లికొడుకు మసకే. ఇద్దరున్నప్పుడు ఎఫ్/4, వెనక వరుసలో మేనమామలూ పిన్నులూ నిలబడితే ఎఫ్/5.6 లేదా ఎఫ్/8 పెట్టి, తగ్గిన వెలుతురును ఫ్లాష్‌తో పూడ్చుకోవాలి. చిన్న సెన్సార్‌కు ఈ బాధ లేదు. ముందు వరుస నుంచి వెనక గోడ దాకా అంతా ఫోకస్‌లోనే ఉంటుంది. గ్రూప్ ఫొటోలకూ, ఒక్కచోట నిలవని పిల్లలకూ అది వరం. వెనక అంతా మసకబారాలని కోరుకునేవాళ్లకు అదే శాపం.

ఫ్లాష్ విషయంలో జేబు కెమెరా చేతులెత్తేస్తుంది. సొంత ఫ్లాష్ ఎక్కువ దూరం పోదు, పైన వేరే ఫ్లాష్ తగిలించే హాట్‌షూ చాలావాటికి ఉండదు. డీఎస్‌ఎల్‌ఆర్‌లోనూ ఒకటి చూసుకోవాలి. కెనన్ 1500డీ, 200డీ మార్క్ 2 హాట్‌షూల్లో మధ్య పిన్ను తీసేశారు. కాబట్టి అన్ని కెమెరాలకూ పనిచేసే చవక ఫ్లాష్‌లు, రేడియో ట్రిగ్గర్లు వీటి మీద వెలగవు. కెనన్‌కు సరిపడేవే కొనాలి. ఇంకో మాట. పెళ్లిపందిట్లో ఫ్లాష్‌ను పైకి తిప్పి కొట్టేముందు పైనున్న గుడ్డ రంగు చూడండి. ఎర్ర షామియానా అయితే అందరి మొహాలూ కుంకుమలో ముంచినట్టు వస్తాయి. తర్వాత కంప్యూటర్‌లో ఎంత దిద్దినా చర్మం రంగు పూర్తిగా తిరిగి రాదు. ఫ్లాష్ తల వెనక తెల్ల కార్డు కట్టుకోవడం మేలు.

పాత నికాన్‌లు కొనేవాళ్లకు లెన్స్ గండం రెండు రకాలు. డీ3000, డీ5000 వరుస బాడీల్లో ఫోకస్ మోటార్ ఉండదు. ‘ఏఎఫ్ 50 ఎఫ్/1.8డి’ చవకగా దొరికిందని పెడితే రింగు చేత్తో తిప్పుకోవాల్సిందే. కొనాల్సింది ‘ఏఎఫ్-ఎస్ 50 ఎఫ్/1.8జి’. అలాగే ‘ఏఎఫ్-పీ’ అని రాసున్న కొత్త లెన్సులు డీ3100, డీ5100 లాంటి పాత బాడీల మీద అసలు ఫోకస్ కావు.

ఇక బయటి పనులు. విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవం (పొడవాటి మాను చివర పూజారి కూర్చుని ఊరేగేది) విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం. పట్టపగలే కాబట్టి వెలుతురుకు కొరత లేదు. ఇక్కడ కావాల్సింది బేగి తియ్యడం, ఒక్క లెన్స్‌లోనే దగ్గరా దూరం రెండూ. కోట దారిలో జనం మధ్య నిలబడి 18-55 తీసి 70-300 పెట్టడం కుదిరే పని కాదు. భుజం తగిలి లెన్స్ జారినా, దుమ్ము సెన్సార్ మీద పడినా అంతే సంగతులు. 24-200 పరిధి ఉన్న అంగుళం కాంపాక్ట్ అయితే, వెనక తెరను కిందికి వంచి, చేతులెత్తి తలల మీదుగా తీసుకోవచ్చు. డీ3500కు తెర వంగదు, 200డీ మార్క్ 2కు వంగుతుంది. ఎండలో తెర కనపడకపోవడం కాంపాక్ట్‌ల పాత జబ్బు. కంటితో చూసే వ్యూఫైండర్ ఉన్న మోడలే తీసుకోండి. ఏ కెమెరా అయినా సరే, మాను చివర కూర్చున్న పూజారి ఆకాశం ముందు నల్లబొమ్మలా పడతాడు. ఫొటో వెలుగును పెంచే తగ్గించే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను +0.7 లేదా +1కి జరిపి, షట్టర్ 1/500 పైన ఉంచండి. సిరిమాను మీదికి జనం అరటిపళ్లు విసురుతారు, లెన్స్‌కు హుడ్ తగిలించుకుంటే మంచిది.

టెక్కలి దగ్గర తేలినీలాపురంలో లెక్క మారుతుంది. సెప్టెంబరు నుంచి మార్చి దాకా గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ చింతచెట్ల మీద గూళ్లు కట్టుకుని ఉంటాయి. నికాన్ పీ950 అనే బ్రిడ్జ్ కెమెరా కాంపాక్ట్ జాతిదే, కిలో బరువు. దాని జూమ్ 2000 మి.మీ.కు సమానం. డీఎస్‌ఎల్‌ఆర్ మీద 70-300 పెడితే 450తో ఆగిపోతుంది. 450లో తీసిన 24 మెగాపిక్సెళ్ల ఫొటోను 2000తో సమానమయ్యేలా కత్తిరిస్తే మిగిలేది 1.2 మెగాపిక్సెళ్లు. కాబట్టి గూట్లో కూర్చుని పిల్లకు మేత పెట్టే పక్షి విషయంలో పీ950దే గెలుపు. అయితే ఆ కొసలో ఎఫ్/6.5 దగ్గర కాంతి వంగిపోయి ఒక్కో చుక్క ఆరు పిక్సెళ్ల మేర పరుచుకుంటుంది. ఈకల అంచులు కాస్త మెత్తగానే వస్తాయి. పొద్దెక్కాక వేడిగాలి అలలు దానికి తోడవుతాయి. తెల్లారగానే తీయాలి. రెక్క విప్పి ఎగిరే గూడబాతుకైతే పీ950 ఫోకస్ వెతుక్కునేలోపు పక్షి చెట్టు దాటిపోతుంది. అక్కడ డీఎస్‌ఎల్‌ఆర్, 1/1000 షట్టర్, కదిలే పక్షిని వెంటాడే కంటిన్యూయస్ ఫోకస్ కావాలి.

పొందూరు ఖద్దరు, బుడితి ఇత్తడి ఫొటోలు తీసి ఆన్‌లైన్‌లో పెట్టి అమ్ముకునేవాళ్లకు డీఎస్‌ఎల్‌ఆర్ వృథా ఖర్చనే చెప్పాలి. 18-55 లెన్స్ సెన్సార్ నుంచి కొలిస్తే 25 సెంటీమీటర్ల కంటే దగ్గరికి రానివ్వదు. కాంపాక్ట్ వైడ్‌లో, అంటే జూమ్ చేయకుండా, లెన్స్ ముందు 5 సెంటీమీటర్ల దాకా వెళ్తుంది. వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతున్నప్పుడు ఆ సన్నటి పళ్ల మధ్య చిక్కిన ఒక్కో పోగూ విడివిడిగా కనపడాలంటే ఆ దగ్గరతనం పనికొస్తుంది. మరీ ఆనిస్తే కెమెరా నీడే బట్ట మీద పడుతుంది. కిటికీ పక్కన కూర్చుని, ఎదుటివైపు తెల్ల థర్మోకోల్ షీటు నిలబెట్టండి. తెలుపును తెలుపుగా చూపించే వైట్ బ్యాలెన్స్‌ను ఆటోకు వదిలేస్తే ఖద్దరు ఒకసారి పసుపుగా, ఒకసారి నీలంగా వస్తుంది, కొన్నవాళ్లు రంగు తేడా అని వెనక్కి పంపుతారు. తెల్లకాగితం చూపించి కస్టమ్‌లో ఒకసారి సెట్ చేస్తే ఆ గొడవ ఉండదు. ఇత్తడి చెంబులో తీసేవాళ్ల మొహమే కనపడుతుంటే, తెల్లబట్టకు చిల్లు చేసి అందులోంచి తీయడమే మార్గం.

కళింగపట్నం, బారువ తీరాలకు తీసుకెళ్తే కాంపాక్ట్‌కు ప్రాణగండం. ఆన్ చేయగానే ముందుకు వచ్చే లెన్స్ గొట్టాల మధ్య ఒక్క ఇసుక రేణువు చిక్కినా ‘లెన్స్ ఎర్రర్’ అని ఆగిపోతుంది. బాగుచేయడమంటే మొత్తం లెన్స్ యూనిట్ మార్చడమే, అది చాలాసార్లు కెమెరా ధరకు దగ్గరపడుతుంది. డీఎస్‌ఎల్‌ఆర్‌లో లెన్స్ పోతే లెన్సే పోతుంది, బాడీ మిగులుతుంది. దానికి వచ్చే తిప్పలు సెన్సార్ మీద దుమ్ము. ఎఫ్/16లో ఆకాశాన్ని తీసి చూస్తే మచ్చలు బయటపడతాయి. రబ్బరు బ్లోయర్‌తో ఊదాలి, నోటితో ఊదితే ఉమ్మి పడుతుంది. తాబేళ్లు గుడ్లు పెట్టే కాలంలో రాత్రిపూట ఏ కెమెరాతోనూ ఫ్లాష్ కొట్టొద్దు, అవి బెదిరి వెనక్కి పోతాయి.

మన ఉప్పుగాలిలో రెండింటికీ ఉమ్మడి శత్రువు ఫంగస్, అంటే బూజు. తోలు సంచిలో పెట్టి బీరువాలో దాస్తే రెండు వానాకాలాల్లో లెన్స్ లోపల సాలెగూడులా పాకుతుంది. గాలి దూరని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, తేమ చూపే చిన్న మీటరు: ఇంతే ఖర్చు. మీటరు 40, 50 శాతం మధ్య ఉండాలి. మరీ ఎండబెట్టినా రబ్బరు భాగాలు పాడవుతాయి. జెల్ రంగు మారితే ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు. ఏసీ కారులోంచి నేరుగా బీచ్‌లోకి తీస్తే అద్దం మీద మంచు పడుతుంది. జిప్ కవర్లో మూసి అరగంట ఆగి తెరవండి.

బ్యాటరీలో పోలికే లేదు: డీ3500 ఒక్క చార్జింగ్‌కు 1550 ఫొటోలు, ఆర్‌ఎక్స్100 మార్క్ 7కు 260. జాతరకు కాంపాక్ట్ పట్టుకెళ్తే జేబులో ఇంకో రెండు బ్యాటరీలు ఉండాలి. కందిగింజ సెన్సార్ ఉన్న చవక కాంపాక్ట్‌లు మాత్రం, పెద్ద జూమ్ లేకపోతే, ఇప్పటి ఫోన్‌కు మించి ఏమీ ఇవ్వవు. పాత డిజిక్యామ్‌ల మోజులో కొంటే అది మోజే.

పెళ్లిళ్లు తీసి సంపాదించేవాళ్లకూ, రాత్రి వెలుతురులో పని ఉన్నవాళ్లకూ డీఎస్‌ఎల్‌ఆరే. కానీ కెనన్, నికాన్ 2020 తర్వాత కొత్త డీఎస్‌ఎల్‌ఆర్ తేలేదు, వాళ్ల దృష్టంతా లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాల మీదే. కాబట్టి కొనేది చాలావరకు సెకండ్ హ్యాండే అవుతుంది. షట్టర్ కౌంట్, అంటే ఇప్పటిదాకా ఎన్ని ఫొటోలు తీసిందో అడగండి. చవక బాడీలకు లక్ష క్లిక్కుల లెక్క వేస్తారు. అరవై వేలు దాటి ఉంటే ధర గట్టిగా బేరమాడాలి. నికాన్‌లో అప్పటికప్పుడు తీసిన ఫొటో ఫైల్లో దాగుండే ఎగ్జిఫ్ సమాచారంలోనే ఆ అంకె దొరుకుతుంది, కెనన్‌కు వేరే సాఫ్ట్‌వేర్ కావాలి. తెల్లగోడను ఎఫ్/16లో ఒకటి తీసి మచ్చలు చూడండి. లెన్స్ ఊడదీసి, ఒకవైపు నుంచి సెల్ టార్చి వేసి రెండోవైపు నుంచి ఏటవాలుగా చూడండి. పోగుల్లాంటి తెల్లటి అల్లిక కనపడితే సగం ధరకిస్తామన్నా వద్దని వచ్చేయండి.