సొంత ఫెలోషిప్పా, గైడు ప్రాజెక్టులో చోటా: పరిశోధక విద్యార్థికి ఏది మేలు?

సైన్సులో పరిశోధన చేయదలచిన విద్యార్థికి నిధులు ప్రధానంగా రెండు దారుల్లో దొరుకుతాయి. పోటీలో నెగ్గి తన పేరిట తెచ్చుకునే ఫెలోషిప్ మొదటిది; ఆచార్యుడు తన ప్రాజెక్టు గ్రాంటు నుంచి భృతి ఇచ్చి చేర్చుకునే స్థానం రెండోది.

ఫెలోషిప్‌కు బలం స్వేచ్ఛ. అమెరికాలో నేషనల్ సైన్స్ ఫౌండేషన్ 1952 నుంచి ఇస్తున్న గ్రాడ్యుయేట్ ఫెలోషిప్ ఐదేళ్ల వ్యవధిలో మూడేళ్లు భృతి చెల్లిస్తుంది. డబ్బు విద్యార్థి పేరిటే వస్తుంది కనుక అంశాన్ని తానే ఎంచుకోవచ్చు, గైడుతో పొసగకపోతే మరొకరి దగ్గరికి మారడమూ కొంత సులువు. కానీ అది ఆ దేశ పౌరులకు, శాశ్వత నివాసులకు మాత్రమే. పైగా మిగిలిన ఏళ్లకు నిధులు వేరేచోట వెతుక్కోవాలి. అంతగా చర్చకు రాని ఇబ్బంది ఇంకొకటి ఉంది: తన గ్రాంటు ఈ విద్యార్థి పనిపై ఆధారపడి లేనప్పుడు, తీరిక లేని గైడు అతన్ని నెలల తరబడి పట్టించుకోకపోవచ్చు.

ప్రాజెక్టులో పరిస్థితి వేరు. నిధులిచ్చిన సంస్థకు గైడు నివేదిక పంపాలి కాబట్టి విద్యార్థి ఫలితాలను తరచూ చూస్తాడు. పరికరాలను వాడే మెళకువలు సీనియర్ల పక్కన నిలబడి నేర్చుకోవచ్చు. అంశం మాత్రం ముందే ఖరారై ఉంటుంది. యూరోపియన్ యూనియన్ నిధులతో పీహెచ్‌డీ విద్యార్థుల కోసం నడిచే మేరీ స్క్లొడోవ్‌స్కా క్యూరీ డాక్టోరల్ నెట్‌వర్కులు కూడా ఈ కోవకే దగ్గర. వాటిలో ఉద్యోగ ఒప్పందంతోపాటు పలు సంస్థల్లో శిక్షణ దొరుకుతుంది. అయితే చేరడానికి ముందరి 36 నెలల్లో 12 నెలలకు మించి, చేర్చుకునే సంస్థ ఉన్న దేశంలో ఉండి ఉండకూడదు.

తన ప్రశ్న ఏమిటో స్పష్టంగా తెలిసినవారికి ఫెలోషిప్పే మేలు. అప్పుడే అడుగుపెడుతున్న చాలామందికి, నా అభిప్రాయంలో, మంచి గైడు ఉన్న ప్రాజెక్టు మేలు. నిబంధనలు అనుమతిస్తే, అక్కడ చేరాక ఆ గైడు సాయంతోనే ఫెలోషిప్ ప్రతిపాదన రాసుకోవచ్చు.

గైడు మంచివాడో కాదో ముందే కొంత తెలుసుకోవచ్చు. అతని ఇటీవలి పరిశోధన పత్రాల్లో మొదటి రచయితలుగా విద్యార్థుల పేర్లున్నాయేమో చూడాలి. ఆ ల్యాబులో చదువుతున్నవారినీ, బయటికి వచ్చేసినవారినీ విడివిడిగా కలిసి, "మీరు పేపరు చిత్తుప్రతి ఇస్తే ఎన్నాళ్లకు దిద్ది ఇస్తారు?" అని అడగాలి. గైడుకు రాసే తొలి ఈమెయిల్లో పొగడ్తలకు బదులు, ఆయన పత్రంలోని ఒక ఫలితాన్ని పేర్కొని దాని గురించి నిజంగా కలిగిన సందేహాన్ని అడిగితే జవాబు వచ్చే అవకాశం ఎక్కువ.

స్థానం ఇస్తామన్నప్పుడు, గ్రాంటు ఏ నెలతో ముగుస్తుందో, థీసిస్ అప్పటికి పూర్తికాకపోతే భృతి ఎవరు చెల్లిస్తారో అడిగి, ఆ జవాబును రాతపూర్వకంగా తీసుకున్న తరువాతే చేరాలి.