కేకు వర్క్‌షాపా, సకినాల పెద్దమ్మా? తక్కువ ఖర్చులో ఏ వంట క్లాసు మేలు

హనుమకొండ, వరంగల్, కాజీపేటల్లో వంట క్లాసు అనగానే ఇప్పుడు ముందుగా వినబడేది కేకే. ఆదివారం ఒక్కరోజు వర్క్‌షాప్, పోయేటప్పుడు చేతికో సర్టిఫికెట్. రెండో రకం, ఇంట్లోనే నలుగురైదుగురిని కూర్చోబెట్టుకుని సకినాలు, సర్వపిండి, పచ్చళ్లు నేర్పే అక్కలు, పెద్దమ్మలు. మూడోది బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు, అందరూ ఆర్‌సెటీ అనేవి.

నా ఓటు ఇంటి క్లాసుకే. కారణం సకినాలు చుట్టేచోట కూర్చుంటే తెలిసిపోతుంది. బియ్యం నానబెట్టి, నీళ్లు వడకట్టి, తడి పూర్తిగా ఆరకముందే గిర్నీ పట్టించాలి. నువ్వులు, ఓమ, ఉప్పు వేసి కలిపాక అసలు పని మొదలు. పిండిని వేళ్ల మధ్య మెలిపెడుతూ బట్టమీద చుట్టు తర్వాత చుట్టు తిప్పాలి. పిండి గట్టిపడితే చుట్టు పుటుక్కున తెగుతుంది, నీళ్లెక్కువైతే చతికిలపడుతుంది. వీడియోలో చుట్టేవాళ్ల వేళ్లు కనబడతాయి కానీ పిండి ఎంత మెత్తగా ఉందో ఎలా తెలుస్తుంది? పక్కన కూర్చున్న పెద్దమ్మ మన పిండిని ఒక్కసారి పిసికి "ఇంకొంచెం నీళ్లు చల్లు బిడ్డా" అంటుంది చూడండి, ఫీజు ఆ మాటకే.

ఇంటి క్లాసులోనూ తిరకాసులు లేకపోలేదు. కొలతలు అడిగితే "చూసి వేసుకోవాలె" అంటారు. అందుకే ఒక గ్లాసు, ఒక నోట్‌బుక్ వెంట తీసుకెళ్లి, ఆమె వేసే ప్రతి పిడికిలినీ ముందు గ్లాసులో పోయించి రాసుకోండి. నూనె, బియ్యం ఫీజులోనే వస్తాయా, మనం తెచ్చుకోవాలా అన్నది ముందే తేల్చుకోవాలి. గోలించే వంటలకు ఫీజుకన్నా మంచినూనె ఖర్చే ఎక్కువ కావచ్చు. పచ్చళ్ల క్లాసయితే ఏ మిర్చి ఎందుకో చెబుతారా అని అడగండి. 2025లో జీఐ (భౌగోళిక) గుర్తింపు పొందిన మన వరంగల్ చపాటా మిర్చి రంగుకు పెట్టింది పేరు, కారం మాత్రం తక్కువ. ఆ తేడా చెప్పకుండా "కారం రెండు కప్పులు" అనేవాళ్ల దగ్గర నేర్చుకునేది పెద్దగా ఉండదు.

కేకు వర్క్‌షాప్‌లో ఫీజు మొదటి మెట్టు మాత్రమే. ఆ తర్వాత ఒవెన్, బీటర్, అచ్చులు. అవి ఇంట్లో లేకపోతే సర్టిఫికెట్ బీరువాలో, కేకు బేకరీలో. పైగా చాలాచోట్ల ఒకరు చేస్తుంటే మిగతావాళ్లంతా ఫోన్లు పట్టుకుని చుట్టూ నిలబడతారు. అది యూట్యూబ్‌లో ఊరికే దొరికేదే. "నా చేత్తో ఎన్ని చేయిస్తారు? మే నెల ఎండకు క్రీమ్ కారిపోకుండా ఏం చేయాలో చెబుతారా?" ఈ రెండింటికీ సూటిగా జవాబు వస్తే వెళ్లండి. పుట్టినరోజు ఆర్డర్లు తీసుకోవాలన్న ఆలోచన ఉన్నవాళ్లకు అప్పుడు ఆ ఖర్చు దండగ కాదు.

ఆర్‌సెటీ సంగతి వేరు. శిక్షణ ఉచితం, భోజనం, వసతి కూడా వాళ్లే చూస్తారు. ఊళ్లల్లో ఉండి పచ్చళ్లు, అప్పడాలు, మసాలా పొడులు అమ్ముకుందామనుకునే యువతకు దాన్ని మించింది లేదు. వంటతోపాటు లెక్కలు, అమ్మకం, బ్యాంకు లోను గురించి కూడా చెబుతారు. కానీ రోజంతా హాజరుండాలి, బ్యాచ్ పడేదాకా ఆగాలి. ఉద్యోగం చేసుకుంటూ సెలవురోజు సరదాగా నేర్చుకునేవాళ్లకు అది కుదరదు. ఇంట్లో తినడానికే అయితే అక్కడి సీటు ఉపాధి అవసరమైనవాళ్లకు వదిలేయడమే న్యాయం.

సకినాలకైతే సంక్రాంతి వారంలో వెళ్లకండి. అప్పుడు పెద్దమ్మలందరూ ఆర్డర్ల టెన్షన్‌లో ఉంటారు, మనల్ని పొయ్యి దగ్గర నిలబెట్టి జల్లిగంటె చేతికిస్తారు. దసరా అయిపోయాక అడిగితే తీరిగ్గా నేర్పుతారు, ఫీజు దగ్గర కూడా కాస్త బేరం కుదురుతుంది.