యూట్యూబ్ స్టూడియో అనలిటిక్స్: వ్యూస్ పక్కన పెట్టి రిటెన్షన్ గీత చూడండి

ఛానెల్ లెక్కలు చూసుకోవడానికి యూట్యూబ్ ఇచ్చే స్టూడియో తెరవగానే పెద్ద అంకెల్లో కనిపించేవి వ్యూస్. ఛానెల్ నడిపేవాళ్లు చాలామంది అక్కడే ఆగిపోతారు. ఈ ఉచిత సాధనంలో అసలు సత్తా ఉన్నది కాస్త లోపల, ఒక్కో వీడియోకు విడిగా ఇచ్చే ఆడియన్స్ రిటెన్షన్ గీతలో, అంటే ఏ క్షణానికి ఎంతమంది ఇంకా చూస్తున్నారో చూపే గీతలో. బయట డబ్బుకు అమ్మే టూల్స్ కూడా ఈ లెక్క యూట్యూబ్ దగ్గర్నుంచే తెచ్చుకోవాలి కాబట్టి, ముందు దీన్ని చదవడం నేర్చుకుంటే చాలు.

8 నిమిషాల గోంగూర పచ్చడి వీడియోను జనం సగటున 3 నిమిషాల 12 సెకన్లు చూశారనుకోండి, అది 40 శాతం. ఆ అంకె ఒక్కటే చూస్తే తప్పెక్కడుందో తెలియదు, గీత చూస్తే తెలుస్తుంది. మొదటి 30 సెకన్లు దాటి ఎంతమంది మిగిలారో స్టూడియో విడిగా చెబుతుంది. మన ఛానెళ్లలో ఎక్కువ నష్టం ఇక్కడే: లోగో, మ్యూజిక్, నమస్కారం, సబ్‌స్క్రైబ్ చేసుకోండి, గంట నొక్కండి... గోంగూర కనిపించేసరికి సగం మంది వెళ్లిపోయి ఉంటారు. సిద్ధమైన పచ్చడిని మొదటి 5 సెకన్లలోనే చూపించి, నేరుగా ఆకు కడగడంలోకి వెళ్లాలి. సబ్‌స్క్రైబ్ మాట తాలింపు అయ్యాక చెప్పినా సరిపోతుంది.

గీత మధ్యలో పైకి లేచిందంటే ఆ ముక్కను మళ్లీ చూస్తున్నారని అర్థం. వెంటనే సంబరపడకండి. ఎండుమిర్చి ఎన్ని, ఉప్పు ఎంత అన్నది రెండు సెకన్లలో దాటేస్తే, అర్థంకాక వెనక్కి తిప్పుకున్నా గీత అలాగే లేస్తుంది. కొలతలు తెరపై ఇంకాసేపు ఉంచి, డిస్క్రిప్షన్‌లోనూ రాయండి. గుంట పడిన చోట దాటేస్తున్నారు లేదా వెళ్లిపోతున్నారు. అక్కడ సాగదీత ఉంటే స్టూడియో ఎడిటర్‌లోనే కత్తిరించవచ్చు, లింకూ వ్యూసూ అలాగే ఉంటాయి. అయితే పార్ట్‌నర్ ప్రోగ్రామ్‌లో (యూట్యూబ్ ఛానెళ్లకు ఆదాయం పంచే పథకం) లేని ఛానెల్‌లో లక్ష వ్యూస్ దాటిన వీడియోకు ఈ కత్తిరింపు కుదరదు.

థంబ్‌నెయిల్ (వీడియో ముఖచిత్రం) కనిపించినన్ని సార్లలో ఎంత శాతం నొక్కారో చెప్పే క్లిక్ త్రూ రేట్ గురించి అనవసరమైన కంగారు ఎక్కువ. థంబ్‌నెయిల్ కనీసం సగం, ఒక సెకనుకు మించి కనిపిస్తేనే ఇంప్రెషన్‌గా లెక్క. సగం ఛానెళ్లకు, వీడియోలకు ఈ రేటు 2 నుంచి 10 శాతం మధ్య ఉంటుందని యూట్యూబే చెబుతోంది. మొదట మీ సబ్‌స్క్రైబర్లకు చూపించినప్పుడు 9 శాతం ఉన్నది, కొత్తవాళ్లకు చేరేకొద్దీ 4కు దిగడం మామూలే. ఇంప్రెషన్లు పెరుగుతూ రేటు తగ్గుతుంటే థంబ్‌నెయిల్ జోలికి పోకండి. రేటు బాగుండి 30 సెకన్లలోపే గీత కూలిపోతుంటే మాత్రం, థంబ్‌నెయిల్ ఇచ్చిన మాట వీడియో నిలబెట్టుకోలేదన్నమాట.

థంబ్‌నెయిల్స్ పోల్చి చూసే సదుపాయం చాలా బాగుంది. మూడింటి వరకు పెట్టవచ్చు, ఫలితానికి రెండు వారాల దాకా పట్టవచ్చు. గెలుపును క్లిక్కులతో కాక వాచ్ టైమ్‌తో (జనం చూసిన సమయంతో) తేల్చడం సరైన పద్ధతి. మూడూ ఒకే ఫొటోకు రంగులు మార్చినవైతే తేడా తేలదు. ఒకదానిలో ముఖం, ఒకదానిలో వంటకం, ఒకదానిలో పెద్ద అక్షరాలు పెట్టండి.

లోపాలూ ఉన్నాయి. రోజువారీ లెక్క అమెరికా పసిఫిక్ సమయం ప్రకారం నడుస్తుంది. అంటే మనకు అక్కడి వేసవిలో మధ్యాహ్నం 12:30కి, చలికాలంలో 1:30కి తేదీ మారుతుంది. పొద్దున 7 గంటలకు పెట్టిన వీడియోకు మొదటి 'రోజు' ఐదారు గంటలే. పాత వీడియోతో పోల్చాలంటే అడ్వాన్స్‌డ్ మోడ్‌లో మొదటి 24 గంటల పోలిక వాడండి. రిటెన్షన్ వివరాలు రావడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది, ఆలోపు ఏదీ మార్చవద్దు.

షార్ట్స్ లెక్క ఇంకా గజిబిజి. 2025 మార్చి 31 నుంచి వీడియో మొదలైతే చాలు, వ్యూ పడుతుంది. కొన్ని సెకన్లు చూస్తేనే లెక్కపెట్టే పాత పద్ధతి ఎంగేజ్డ్ వ్యూస్ పేరుతో ఉంది, ఆదాయానికి అదే లెక్క. షార్ట్స్ ఫీడ్‌లో చూసిన సమయం పార్ట్‌నర్ ప్రోగ్రామ్ అడిగే 4,000 గంటల్లో కలవదు. కాబట్టి షార్ట్స్ నంబర్లను, పెద్ద వీడియోల నంబర్లను ఎప్పుడూ వేర్వేరు ట్యాబుల్లోనే చూడండి.